మొదటి కోత ఎక్కడ పడింది?

మార్చిలో ప్రపంచ నీటికాసుల వారం వస్తోంది, గురువారానికల్లా ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. జబ్బు లక్షణాలు, చుక్కల మందులు, లేజరు... రాయడానికి చాలానే ఉంది. కానీ రెండు అధ్యయనాల పట్టికలు పక్కపక్కన పెట్టి చూశాక మిగతావన్నీ వెనక్కి జరిగాయి.

రెండూ అమెరికాలోని మయామీకి చెందిన స్టీవెన్ గెడ్డె బృందం ముందుండి నడిపినవే. ప్రశ్న కూడా ఒకటే: నీటికాసుల్లో కంట్లో ప్రెషర్ దించడానికి నీటికి దారి తెరిచే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్ మేలా, సన్నటి ట్యూబు అమర్చడం మేలా? తేడా అంతా ఎలాంటి కళ్లను తీసుకున్నారన్న దాంట్లోనే ఉంది.

మొదటి అధ్యయనంలో 212 కళ్లు. అన్నింటికీ అంతకుముందే శుక్లం ఆపరేషనో, ఫలించని ట్రాబెక్యులెక్టమీయో, రెండూనో జరిగాయి. అయిదేళ్లు తిరిగేసరికి ట్యూబు 29.8 శాతం కళ్లలో విఫలమైతే, ట్రాబెక్యులెక్టమీ ఏకంగా 46.9 శాతంలో విఫలమైంది. రెండో అధ్యయనంలో ఇంకా కత్తి తగలని 242 కళ్లు. అక్కడ కథ తిరగబడింది. మొదటి ఏడాది వైఫల్యం ట్యూబుకు 17.3 శాతం, ట్రాబెక్యులెక్టమీకి 7.9 శాతమే. అయిదేళ్లకు ఆ అంతరం కొంత తగ్గి 42, 35 శాతాల దగ్గర ఆగింది.

రెండు వేర్వేరు అధ్యయనాల అంకెల్ని ఒకే తక్కెడలో తూచకూడదు. మొదటి దాంట్లోని నేరమంతా శుక్లం ఆపరేషన్ మీదకు నెట్టడమూ న్యాయం కాదు. అయినా ఒక్కటి మాత్రం తోసిపుచ్చలేం: కంటికి పాత గాయం గుర్తుంటుంది.

ఎలాగంటే, ట్రాబెక్యులెక్టమీలో కంటిలోని నీరు బయటికి రావడానికి పైరెప్ప చాటున చిన్న దారి తెరుస్తారు. ఆ నీరు తెల్లగుడ్డు మీది పలుచని పొర కింద చేరి, మెల్లగా ఇంకిపోతుంది. గాయం మానిపోవడం ఇక్కడ శత్రువు. మచ్చ కట్టిందంటే దారి మూసుకుపోతుంది. ఒకసారి కోసిన పొరలో మచ్చ కట్టించే కణాలు ముందే ఎక్కువగా చేరి ఉంటాయని 1990ల్లో లండన్ పరిశోధకులు చూపించారు. కోత ఆ పొరను తాకకపోయినా కంటిలోపలి నీటిలో వాపును రేపే పదార్థాలు మిగిలి ఉండవచ్చని జపాన్‌లోని కుమమోటో పరిశోధనలు చెబుతున్నాయి. నల్లగుడ్డు అంచున, కణత వైపు, మూడు మిల్లీమీటర్ల లోపు కోతతో చేసే ఫేకో (యంత్రంతో చేసే శుక్లం ఆపరేషన్) తరువాత ట్రాబెక్యులెక్టమీకి ఎంత నష్టమన్న దాని మీద ఫలితాలు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

మన దగ్గర మాత్రం ఫేకో ఒక్కటే కాదు. ఖరీదైన యంత్రం అక్కర్లేని ఎస్‌ఐసీఎస్ పద్ధతి శుక్లం ఆపరేషన్ అంటే నాకు గౌరవం. పేదల కళ్లకు వెలుగిచ్చిన ఆపరేషన్ అది. అయితే చాలాసార్లు ఆరేడు మిల్లీమీటర్ల ఆ కోత పడేది పైభాగంలోనే, పొరను విప్పి. రేపు నీటికాసుల సర్జన్‌కు కావలసిన చోటు కూడా సరిగ్గా అదే! కోతను కణత వైపు జరిపితే పైభాగం మిగులుతుంది. ఆ కంటికి నీటికాసులున్నాయని ముందే తెలిస్తే కదా జరపడం? ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం హైదరాబాద్‌లో గుర్తించిన ఓపెన్ యాంగిల్ (కంటి నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉండే) రకం నీటికాసుల రోగుల్లో తొంభై శాతానికి పైగా మందికి ఆ జబ్బు ఉన్నట్టు అప్పటిదాకా తెలియదు.



అందుకే శుక్లం ఆపరేషన్‌కు ముందు ప్రెషర్ చూడమని, కంటి వెనకనున్న నరాన్ని పరీక్షించమని అడగండి. డిశ్చార్జి కాగితంలో కోత ఎక్కడ పెట్టారో రాయించుకుని దాచండి. పైభాగం మచ్చపడి ఉందని తేలితే సర్జన్ ట్యూబు వైపు మొగ్గవచ్చు.

ఇవి కూడా...

శుక్లం తీయడం వల్ల కొన్ని కళ్లలో ప్రెషర్ కొంత తగ్గుతుంది. యాంగిల్ మూసుకుపోయే రకం నీటికాసుల్లో ఆ మేలు ఎక్కువ. అక్కడ లేజరు కన్నా లెన్సు తీసేయడమే మెరుగని 2016లో ఈగిల్ అధ్యయనం తేల్చింది.

వరస తిరగబడినా చిక్కే. ట్రాబెక్యులెక్టమీ తరువాత శుక్లం వచ్చే ముప్పు 78 శాతం పెరిగినట్టు అమెరికాలోని ఎజిస్ అధ్యయనం చూపింది. ఆ శుక్లం తీసేటప్పుడు అంతవరకు బాగా పనిచేస్తున్న నీటి దారి దెబ్బతినవచ్చు.