వృక్షారోహణ బంధములు – సంజ్ఞా విచారము

కర్నూలు జిల్లా పడమటి భాగమందలి ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములలో దారమును, త్రాటిని నమ్మిన వృత్తులు రెండు కలవు: నేత, గీత. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన ఎమ్మిగనూరు నేతకు పేరుగాంచినది. తెలుగు నేతపనివారి మాటలను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1971లో మాండలిక వృత్తిపదకోశమున ప్రకటించినది. చెట్లెక్కు ఈడిగల ముడులను గుర్తించి పేర్కొనుటకు ఏ పద్ధతి తగినదో విచారించుట ఇచట ప్రస్తుతము.

గీతగాని మోకు చెట్టు బోదెను, అతని నడుమును కలిపి చుట్టును. అతడు వెనుకకు వాలగా మోకు బిగిసి బోదెను పట్టును. ముందుకు వంగగా సడలి పైకి జరుగును. పర్వతారోహకులు పెద్ద త్రాటికి సన్నని త్రాటిని చుట్టి వేయు ముడియు ఇట్టిదే; బరువు పడినపుడు పట్టును, బరువు తీసినపుడు జరుగును. పట్టుట, విడుచుట అను ఈ రెండు ధర్మములే ఆరోహణబంధమునకు ప్రాణము.

బంధములకు పేర్లు పెట్టుట ప్రాచీనమైన ఆచారము. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ చతుర్థపాదమున 42వ సూత్రము బంధధాతువునకు సంజ్ఞావిషయమున ణముల్ ప్రత్యయమును విధించుచున్నది. అచట కాశికాకారులు క్రౌంచబంధము, మయూరికాబంధము, అట్టాలికాబంధము అను వానిని ఉదాహరించి, ఇవి బంధవిశేషముల పేర్లని చెప్పిరి. వాని రూపము మాత్రము చెప్పలేదు. శబ్దసాధనకు అది అవసరమును కాదు. కాని ఆ వృత్తిని చదివి నేడెవ్వరును క్రౌంచబంధమును వేయజాలరు.

సుశ్రుతుని మార్గము వేరు. సూత్రస్థానము 18వ అధ్యాయమున వ్రణములకు కట్టు బంధములు 14 చెప్పబడినవి. వాని ఆకృతి చాలవరకు పేరువలననే తెలియునని ఆచార్యుని అభిప్రాయము. అంతటితో ఆగక, ఏది ఏ అవయవమునకు తగునో కూడ నిర్దేశించెను. ఒరవంటి కోశబంధము వ్రేళ్ళ కణుపులకు, అడ్డముగా దాటు స్వస్తికబంధము కీళ్ళకు విధింపబడినవి. ఇచట పేరు, రూపము, వినియోగము ఒకదానినొకటి కాపాడుచున్నవి.

ఆధునికులు తరచుగా వ్యక్తి నామమునే ముడికి పెట్టుచున్నారు. ప్రూసిక్ ముడి 1931లో దానిని ప్రకటించిన ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ పేరిటిది. చెట్లెక్కువారు వాడు మరియొక ముడిని హైంజ్ ప్రొహాస్కా 1981లో ప్రకటించెను. 1994లో అమెరికాలో జేసన్ బ్లేక్ అదే ముడిని ప్రచురింపగా, అది బ్లేక్ ముడిగా ప్రసిద్ధమైనది. ఇట్టి పేరు కర్తను తెలుపునే గాని ఆకృతిని తెలుపదు. నిఘంటువున నానార్థము అలంకారము కావచ్చును. చెట్టుపై ఒక పేరు రెండు ముడులకు చెల్లినచో ప్రాణాపాయము.

కావున ముడికి నాలుగు లక్షణములు చెప్పవలెను: ఆధారము, చుట్ల సంఖ్య, బరువు మోయు దిశ, విడివడు రీతి. ప్రూసిక్ ముడికి ఆధారము తనకంటె లావైన త్రాడు. సన్నని త్రాటి వలయమును దానిపై సాధారణముగా రెండు మూడు మారులు తనలోనుండి తిప్పుదురు. అది రెండు దిశలను పట్టును. బరువు తీసి సడలింపగా జరుగును. బ్లేక్ ముడికి నాలుగు చుట్లు. కొస క్రింది రెండు చుట్ల లోపలినుండి వెలువడును. ఒక దిశనే పట్టును. ఇట్లు చెప్పినచో పేరు మారినను ముడి మారదు.

తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచమను పేరిట రక్షణ పరికరముల పంపిణీ మొదలైనది. క్రొత్త పరికరముతో క్రొత్త మాటలు వచ్చుట సహజము. పాతమాట మాసిపోకమునుపే దానిని లక్షణముతో కూర్చి వ్రాయుట పరిశోధకుల విధి. పదకోశమున శీర్షపదము చెట్టెక్కువాని నోటి మాటయే కావలెను. సంస్కృతము దాని వివరణమునకు తోడ్పడిన చాలును. ఆ ముడికి తన ప్రాణమును అప్పగించువాడే దానికి పేరు పెట్టుటకు అధికారి.