చిత్రగుప్తుడు కునుకు తీస్తే

యునిక్స్ క్లాసులో సిస్‌లాగ్ గురించి చెబుతుంటే ఒకమ్మాయి లేచి అడిగింది: "ఏ ప్రోగ్రాం పడిపోయినా లాగ్‌లో చూడమంటారు కదా సార్, లాగ్ రాసేదే పడిపోతే ఎక్కడ చూడాలి?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం జవాబు చప్పున తోచలేదు. సాయంత్రం ల్యాబ్‌లో మూలనున్న పాత లినక్స్ మెషీన్ ముందు కూర్చున్నాను.

సిస్‌లాగ్ 1980ల మొదట్లో బర్క్‌లీలో పుట్టింది. ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ ప్రోగ్రాం కోసం రాసుకున్నారు. తర్వాత అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే చిత్రగుప్తుడైంది. ప్రతి కబురు నెత్తిమీదా ఒక అంకె ఉంటుంది. ఏ శాఖదో ఆ నంబరును 8తో హెచ్చవేసి, తీవ్రతను కలిపితే వచ్చేది అదే. 34 అని ఉంటే నాలుగెనిమిదులు 32, మిగిలింది 2. అంటే లాగిన్ భద్రత శాఖ, పరిస్థితి విషమం. తీవ్రత లెక్క తలకిందులు: 0 అంటే కొంప మునిగినట్టు, 7 అంటే ప్రోగ్రామర్ తనలో తాను గొణుక్కున్నట్టు.

ప్రోగ్రాములు నేరుగా ఫైల్లో రాయవు. డెవ్ లాగ్ అనే సాకెట్‌లో కబురు పడేసి తమ పనికి పోతాయి. సిస్‌లాగ్‌డి అనే ప్రోగ్రాం దాన్ని తీసి, చూసి, తగిన ఫైల్లో ఎక్కిస్తుంది.

ముందు ఆ సిస్‌లాగ్‌డిని మర్యాదగా చంపాను, మామూలు కిల్ కమాండ్‌తో. 15వ సిగ్నల్ అందింది, సెలవు అని తన చావు తనే రాసుకుని పోయింది! మళ్లీ లేపి, ఈసారి 9వ సిగ్నల్ ఇచ్చాను. దాన్నుంచి ఎవరూ తప్పించుకోలేరు, కలం ఎత్తే వ్యవధి కూడా ఉండదు. అలా వదిలేసి, వేరే కిటికీలో రూట్‌గా మారే సు కమాండ్ కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాను. ఏమీ జరగనట్టు రూట్ ప్రాంప్ట్ వచ్చేసింది. కారణం, సు తన కబురు పంపడానికి వాడే సీ భాషలోని సిస్‌లాగ్ ఫంక్షన్. దాని రిటర్న్ టైప్ వాయిడ్. కబురు చేరిందో లేదో అది చెప్పదు, అడిగే దారీ లేదు. సాకెట్ అవతల ఎవరూ లేకపోతే కబురు గాల్లో కలిసిపోతుంది, పని మాత్రం సాగిపోతుంది.

టీ తాగొచ్చి, ఇతర పనులు చూసుకుని, గంట దాటాక దాన్ని మళ్లీ లేపాను. ఈసారి చంపలేదు, స్టాప్ సిగ్నల్‌తో నిద్రపుచ్చానంతే. తర్వాత లాగర్ కమాండ్‌తో ఒక్కొక్క కబురే వేస్తూ పోయాను. మొదటివన్నీ చకచకా వెళ్లాయి. పదో పదకొండో దాటగానే కర్సర్ కొయ్యబారిపోయింది. సు కొట్టాను. పాస్‌వర్డ్ తీసుకుంది, ప్రాంప్ట్ రాలేదు. మెషీన్ బాగానే ఉంది, డిస్కులో జాగా ఉంది, పాస్‌వర్డ్ సరైనదే. అయినా లోపలికి పోనివ్వదు.

ఇక్కడే ఉంది కిటుకు. లినక్స్‌లో ఈ సాకెట్ కబుర్లను పారబోయదు, వరసలో నిలబెడుతుంది. ఆ వరస పొడవు కెర్నెల్‌లో మామూలుగా 10. నిండిందంటే పంపేవాడు ఆగాల్సిందే. సు తన కబురు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది, నన్నూ నిలబెట్టింది. చచ్చినవాడితో పేచీ లేదు, ఉండీ పలకనివాడితోనే చావు. ముందే ఒక రూట్ కిటికీ తెరిచి ఉంచుకున్నాను కాబట్టి బతికిపోయాను. అక్కడినుంచి కంటిన్యూ సిగ్నల్ ఇవ్వగానే వరస కదిలింది, ప్రాంప్ట్ వచ్చింది.

ఆగడమా, పారేయడమా? సిస్‌లాగ్ చరిత్ర అంతా ఈ తగాదాయే. ఊరవతలి సర్వర్‌కు పంపేటప్పుడు యూడీపీ 514వ పోర్టు పారేయడాన్నే ఎంచుకుంది. ఆ వాడుకను 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164గా కాగితం మీద పెట్టారు. 1998లో సిస్‌లాగ్-ఎన్‌జీ, 2004లో ఆర్‌సిస్‌లాగ్ వచ్చి టీసీపీనీ, పెద్ద క్యూలనూ తెచ్చాయి. ఆ క్యూలూ నిండాక పాత ప్రశ్నే. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలోని జర్నల్‌డి అతిగా వాగేవాళ్ల కబుర్లు కొన్ని వదిలేసి, ఎన్ని వదిలిందో లెక్క రాస్తుంది. అది మూడు నిమిషాలు పలక్కపోతే సిస్టమ్‌డీయే చంపి మళ్లీ లేపుతుంది.

మరి ఆ అమ్మాయి ప్రశ్న? మర్నాడు ఆ పాత మెషీన్ లాగ్‌ను తెరమీద చూపించాను. కబుర్లేవీ లేనప్పుడు పాత సిస్‌లాగ్‌డి 20 నిమిషాలకోసారి "మార్క్" అని ఒక్క ముక్క రాస్తుంది. ఊళ్లో గస్తీవాడు కర్ర తట్టినట్టు, నేనున్నానని.

ఆ అమ్మాయి దగ్గరికొచ్చి టైములు చూస్తూ వేలితో కిందికి దిగి, ఒకచోట ఆగింది.

"ఇక్కడ మూడు మార్కులు తగ్గాయి సార్."

క్లాసు మళ్లీ నవ్వింది.