పిల్లికి పెరుగన్నం చాలదు

హైదరాబాద్‌లోని కొండాపూర్, గచ్చిబౌలి చికెన్ షాపుల్లో సాయంత్రాలు కాసేపు నిలబడితే 'కుక్కకు అరకిలో' అని అడిగేవాళ్లు కనిపిస్తారు. షాపతను మెడలు, తోలు, కందనకాయలు కవర్లో వేసిస్తాడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటికి ఇక్కడంతా రాళ్లగుట్టలే. ఇప్పుడు ఫ్లాట్లలో లాబ్రడార్లు, పర్షియన్ పిల్లులు తిరుగుతున్నాయి. 2018లో జీహెచ్ఎంసీ కొండాపూర్‌లో కుక్కలకు ప్రత్యేకంగా పార్కు కూడా కట్టించింది. వాటిని పెంచేవాళ్ల మధ్య ఇప్పుడు నడుస్తున్న వాదన 'నేచురల్ డైట్'. తోడేలు వండుకుని తింటుందా, పచ్చిమాంసమే పెట్టాలని కొందరు. మా ఊళ్లో పెరుగన్నంతోనే పెరిగాయని మరికొందరు.

కుక్క తోడేలు కాదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువుకు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. వేల ఏళ్లుగా మనిషి పెట్టిన గింజల తిండి తిన్న ఫలితమిది. ఉడికించిన అన్నం కుక్కకు అరుగుతుంది. అయితే ఆ గిన్నెలో గుడ్డో మాంసమో లేకపోతే ప్రోటీన్ చాలదు.

పిల్లి కథ పూర్తిగా వేరు. గుండెకూ కంటికీ కావలసిన టారిన్‌ను దాని శరీరం తగినంత తయారుచేసుకోలేదు. అది మాంసం నుంచే అందాలి. టారిన్ లోటుతో పిల్లుల గుండె కండరం సాగి బలహీనపడుతోందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు కనిపెట్టారు. టారిన్ ఇచ్చాక గుండెలు కోలుకున్నాయి. కంపెనీలు పిల్లి ఆహారంలో దాన్ని పెంచింది ఆ తర్వాతే. మనం క్యారెట్ తింటే శరీరం అందులోంచి విటమిన్-ఎ తయారుచేసుకుంటుంది. పిల్లికి ఆ పని చేతకాదు. అలాగని రోజూ లివర్ పెడితే అదే విటమిన్ మోతాదు మించి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

'సహజం' పేరుతో ఉత్త బోన్‌లెస్ చికెన్ పెట్టడం ఇంకో ప్రమాదం. అందులో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైగా ఎక్కువ. రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల్లోంచి దాన్ని లాగేస్తుంది. ఎదిగే కుక్కపిల్ల కాళ్లు వంకరపోతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. అడవిలో వేటాడే జంతువు ఎముకతో సహా తింటుంది కదా అని ఉడికిన ఎముకలు వేయకండి, అవి చీలికలై పేగులో గుచ్చుకుంటాయి.

పచ్చిమాంసం నాకు సమ్మతం కాదు. మన ఎండల్లో కవర్లో ఇంటికి చేరేసరికే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది. గిన్నె కడిగే చేతికీ, నేలమీద పాకే పసివాడికీ అంటుకుంటుంది. 2025 మొదట్లో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్ పిల్లుల ప్రాణాలు తీయగలదు. మాంసం ఉడికించే పెట్టండి. ఉడికించిన నీటిలోకి కొంత టారిన్ దిగుతుంది కాబట్టి ఆ నీళ్లూ పోయండి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దు, అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇంటి తిండే పెట్టాలనుకుంటే కాల్షియం, టారిన్ మోతాదులు పశువైద్యుడితో రాయించుకోండి. మాంసం గడప దాటి రాకూడదనుకునే ఇళ్లవారు పిల్లిని తెచ్చుకోవద్దు.