కోచ్ అంటే ఎవరు?

కోచ్ అంటే విజిల్ ఊదేవాడని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఎవరు ఏ స్థానంలో రాణిస్తారో కనిపెట్టేవాడే అసలైన కోచ్. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారే ఇందుకు ఉదాహరణ. బడిపంతులుగా పనిచేసిన ఆయన 1950 నుండి భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కృషి ఫలితాలే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ గారు అతణ్ణి పక్కన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై మనం 2-1తో గెలిచాం. అందులో ఒక గోలు జర్నైల్‌దే! మరుసటి ఏడాదే, 1963లో, రహీమ్ గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

తమ్ముళ్లూ! ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా మన హాస్టల్ టీము ఎంచుకునేటప్పుడు "వీడు పనికిరాడు" అనే ముందు, వాడికి తగిన చోటేదో ఆలోచిద్దాం.