జంట గళాలు... ఏక శ్రుతి

ఆలయంలో భజన జరిగే వేళ ఒక్కసారి శ్రద్ధగా వినండి. పదిమంది పాడుతుండగా ఒకరి గొంతు మిగిలినవారిని మించి లేస్తే కీర్తన చెదురుతుంది. అందరూ ఒకే శ్రుతిని ఆశ్రయిస్తే, సంగీతం నేర్వని వారి గొంతు సైతం మధురంగా వినిపిస్తుంది. ఈ రహస్యం తెలియాలంటే మల్లాది సోదరుల గానం ఆలకించాలి.

విజయవాడకు చెందిన శ్రీరాంప్రసాద్, రవికుమార్ మూడు దశాబ్దాలకు పైగా జంటగా పాడుతున్నారు. తాతగారు శ్రీరామమూర్తి, తండ్రి సూరిబాబు వద్ద నేర్చిన విద్యకు శ్రీపాద పినాకపాణి (1913-2013), నేదునూరి కృష్ణమూర్తి (1927-2014) గార్ల శిక్షణ వన్నె తెచ్చింది. గోల్కొండ చెరలో మగ్గిన రామదాసు కీర్తనలకు నేదునూరి వారు కూర్చిన బాణీలను ఈ సోదరులు భక్తిశ్రద్ధలతో గానం చేశారు.

ఇన్నేళ్లయినా వారి పాటపై శ్రోతలకు మక్కువ ఎందుకు తగ్గలేదు? పాశ్చాత్య బృందగానంలో వేర్వేరు గళాలు వేర్వేరు స్వరాలు పట్టి, వాటి మేళనంతో మాధుర్యం సాధిస్తాయి. మన సంప్రదాయంలో ఇద్దరిదీ ఒకే బాట. ఒకరు ఊపిరి తీసుకునే క్షణంలో రెండవవారు నాదాన్ని నిలుపుతారు. ఒకరు రాగాన్ని విస్తరిస్తుంటే రెండవవారు మౌనంగా ఆలకిస్తారు. ఆ మౌనమూ గానంలో భాగమే!

వేదాధ్యయనంలోనూ ఇదే నియమం. గురువు ఒకసారి పలికినదాన్ని శిష్యులు రెండుసార్లు ఏకకంఠంతో వల్లిస్తారు. కలిసి నడవండి, కలిసి పలకండి, మనసులు ఒకటి చేసుకోండి అన్నదే ఋగ్వేదంలోని చివరి సూక్తం చేసే బోధ.

జవహర్‌నగర్‌లోని మా ఆలయానికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చేవారు. ఆస్తి తగాదా వల్ల ఒకరు ఉదయం వస్తే మరొకరు సాయంత్రం వచ్చేవారు. ఒక శ్రీరామనవమి నాడు భజనలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చింది. అన్న పల్లవి ఎత్తుకున్నారు. నడుమ ఆయన గొంతు వణికి ఆగిపోతే, తమ్ముడు తల వంచుకునే ఆ పాదాన్ని అందుకున్నాడు. ఆనాడు వారు మాట్లాడుకోలేదు. కానీ తరువాతి శనివారం ఇద్దరూ ఒకే వేళకు భజనకు వచ్చారు.

నేడు మన ఇళ్లలో స్తోత్రాలు సెల్‌ఫోన్లో మోగుతున్నాయి. మన గొంతులు మాత్రం మూగబోతున్నాయి. ఈ సాయంత్రం దీపం వెలిగించి, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క కీర్తన పాడండి. గొంతు బాగుండాలన్న నియమం లేదు. పక్కవారి గొంతు వినాలన్నదే నియమం.