భుజకీలు – దాని అంచు

జహీరాబాదు నుండి పడమటికి సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఊరు చిరాగ్‌పల్లి. చుట్టుప్రక్కల చెరకు విరివిగా పండే నేల. చెరకు మోపును తలపైకెత్తి బండిలోకి వేసే కూలీని గాని, సాయంకాలం కబడ్డీ బరిలో ప్రత్యర్థుల పట్టు విడిపించుకొని గీత అందుకొనే యువకుని గాని ఒక్క క్షణం పరిశీలించండి. వారి చేయి ముందుకు, వెనుకకు, పైకి, ప్రక్కకు, చివరకు గుండ్రంగా కూడా తిరుగుతుంది. శరీరంలో మరే కీలుకూ ఇంతటి స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛ కోసం భుజం తన నిలకడను చాలావరకు వదులుకొన్నది.

భుజకీలు బంతిగిన్నె కీలు. భుజాస్థి పైకొన గుండ్రని బంతి. రెక్క ఎముక అంచున ఉన్న గుంట గిన్నె. తుంటిలోనూ ఇదే ఏర్పాటు కలదు, కాని అక్కడి గిన్నె లోతైనది. భుజంలోని గిన్నెకు లోతు బహు స్వల్పం. చెంచాలో నిమ్మకాయ ఉంచి, నోట కరచుకొని పరుగెత్తే పందెం మీరెరుగుదురు గదా! భుజం పరిస్థితి ఇంచుమించు అదే. ఈ లోటును తీర్చడానికే గిన్నె చుట్టూ మెత్తని, గట్టి పీచుతో అల్లిన ఒక అంచు ఏర్పడి ఉన్నది. దానిని వైద్యులు లేబ్రమ్ అంటారు. లాటిను భాషలో ఆ మాటకు పెదవి అని అర్థం. దీనివలన గిన్నె లోతు దాదాపు సగం మేర పెరుగుతుంది. కీలును బిగించి ఉంచే సంధిబంధనాలు దీనికే అతుక్కొని ఉంటాయి. దండ కండరపు ఒక కొన (కండ చూపమంటే పిల్లలు ఉబ్బించి చూపేది ఈ కండరాన్నే) దీని పైభాగాన కుదురుకొని ఉంటుంది.

చాచిన చేతిని ఎవరైనా బలంగా వెనుకకు లాగినపుడు, లేదా బండి జారి చేతిమీద పడినపుడు, బంతి సాధారణంగా ముందువైపుకు జారిపోతుంది. పోతూ పోతూ అంచును ఎముక నుండి చీల్చివేస్తుంది. తోటి ఆటగాళ్ళు చేతిని పట్టి లాగి సరిచేయబోవడం కద్దు. అది ప్రమాదం, నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు. వైద్యుడు బంతిని తిరిగి గిన్నెలో కూర్చిన పిదప నొప్పి తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఎముకలు చక్కగా కనిపిస్తాయి. ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. చిరిగిన అంచు ఎక్స్‌రేలో కనబడదు. దానికి ఎమ్మారై పరీక్ష కావాలి.

తొలగిన కీళ్ళను సుశ్రుతుడు ఆరు విధాలుగా వర్గీకరించాడు. ఎముకలు విరిగినవారు నేటికీ పుత్తూరు కట్టు కోసం దూరప్రాంతాల నుండి వెళుతుంటారు. కదలకుండా కట్టి ఉంచితే విరిగిన ఎముక అతుకుతుంది. ఊడిన అంచు మాత్రం తరచుగా తన చోటు తప్పి అతుక్కుంటుంది. కట్టు దానిని వెనుకకు తేలేదు. అందుచేతనే ఇరవై ఏండ్లు నిండక మునుపు భుజం జారినవారిలో సగానికి పైగా మళ్ళీ ఆ బాధకు గురి అవుతారు. జారిన ప్రతిసారీ గిన్నె అంచు ఎముక అరుగుతుంది. కొందరికి నిద్రలో ప్రక్కకు ఒత్తిగిలినా భుజం జారే స్థితి వస్తుంది.

ఈ చిరుగే అసలు కారణమని 1923లో స్పష్టంగా చెప్పినవాడు ఆంగ్ల శస్త్రవైద్యుడు బ్యాంకార్ట్. ఆయన భుజాన్ని కోసి తెరచి అంచును కుట్టాడు. నేడు చిన్న రంధ్రాల గుండా కెమెరా గొట్టాన్ని, సన్నని పరికరాలను పంపుతారు. ఎముక అంచును కొద్దిగా గీకి, రెండు మూడు మిల్లీమీటర్ల మరలను బిగించి, వాటి దారాలతో అంచును లాగి ముడివేస్తారు. ఎముక మరీ అరిగి ఉంటే ఇది చాలదు. ప్రక్కనున్న ఎముక ముక్కను తెచ్చి గిన్నె ముందు అమర్చవలసి వస్తుంది.

ఆ తరువాత నాలుగు నుండి ఆరు వారాలు చేయి జోలెలో ఉండాలి. కబడ్డీ వంటి ఆటలకు ఆరు నెలలైనా ఆగాలి. దినకూలీకి ఈ విశ్రాంతి శస్త్రచికిత్స కంటె కష్టమైనది. క్రికెట్ వికెట్‌కీపర్ వృద్ధిమాన్ సాహాకు 2018 ఆగస్టులో మాంచెస్టర్‌లో ఇట్టి శస్త్రచికిత్సే జరిగింది. పద్నాలుగు నెలల పిమ్మట, 2019 అక్టోబరులో విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో జరిగిన టెస్టులో ఆయన మళ్ళీ భారత జట్టు వికెట్ల వెనుక నిలిచాడు.