దాది చేజారిన బిడ్డ... రాజు బల్ల దగ్గర

యుద్ధంలో సౌలు, యోనాతాను మరణించారన్న వార్త అంతఃపురానికి చేరింది. యోనాతాను కొడుకు మెఫీబోషెతుకు అప్పుడు అయిదేళ్లు. దాది వాణ్ని ఎత్తుకుని పరుగు తీసింది. ఆ తొందరలో బిడ్డ కిందపడ్డాడు. రెండు కాళ్లూ కుంటివయ్యాయి (2 సమూ. 4:4). ఆ దాదికి పగ లేదు, దురుద్దేశం లేదు. కానీ ఒక్క క్షణపు తొందరపాటుకు మూల్యం చెల్లించింది మాత్రం ఆ బిడ్డే, అదీ జీవితాంతం!

స్కాట్లాండులో 1999లో ఇలాంటిదే జరిగింది. గర్భిణి మధుమేహ రోగి, పొట్టి మనిషి. బిడ్డ పెద్దగా ఉన్నాడని ఆమె భయపడుతూనే ఉంది. అలాంటి కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది, పదిమందికి ఉంటుంది. డాక్టరుకు ఆ సంగతి తెలుసు, తల్లికి మాత్రం చెప్పలేదు. చెబితే తల్లులంతా సిజేరియనే కోరుకుంటారని ఆ తర్వాత కోర్టులో అన్నారు. తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కుని 12 నిమిషాలు గడిచాయి. మెదడుకు ఆక్సిజన్ అందక బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. ఆ తల్లి రెండు కోర్టుల్లో ఓడిపోయింది. చివరికి 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. 52 లక్షల 50 వేల పౌండ్ల పరిహారం దక్కింది. కానీ అప్పటికి బిడ్డకు పదిహేనేళ్లు నిండాయి.

ఇలాంటి తల్లి మన సంఘంలో ఉంటే ఏమంటాం? 'దేవుని చిత్తమమ్మా, ఓర్చుకో' అంటాం. ఓదార్పులా వినిపించే ఈ మాట ఎంత ప్రమాదకరమో ఆలోచించామా? మనుషులు చేసిన తప్పును దేవుని మీదికి నెట్టేస్తున్నాం. కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని, కట్టక ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటివాడిదేనని ధర్మశాస్త్రం చెబుతోంది (ద్వితీ. 22:8). గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేస్తే, అందులో పడిన పశువుకు నష్టపరిహారం కట్టాలని కూడా ఉంది (నిర్గమ. 21:33, 34). ఎద్దుకే పరిహారమున్నప్పుడు పసిబిడ్డకు ఉండకూడదా? నిర్లక్ష్యాన్ని దేవుడు 'తన చిత్తం' అనలేదు, అపరాధం అన్నాడు. న్యాయం అడగడం క్షమించలేకపోవడం కాదు. మన దేశంలోనూ 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వచ్చాయి.

అయితే ఒక జాగ్రత్త. సెరిబ్రల్ పాల్సీ అంతా కాన్పులో జరిగిన తప్పువల్ల రాదు. నెలలు నిండకుండా పుట్టడం, గర్భంలో సోకే ఇన్ఫెక్షన్లు, పుట్టాక ముదిరిన కామెర్లు కూడా కారణాలే. రుజువు లేకుండా డాక్టరును దోషిని చేయడమూ పాపమే. లూకా వైద్యుడే. దేవునికి భయపడి, ఫరో ఆజ్ఞను ధిక్కరించి పసికందుల ప్రాణాలు నిలిపిన షిఫ్రా, పూయా మంత్రసానులే. ఈ పేజీ చదివే డాక్టర్లు, నర్సులు వారినే ఆదర్శంగా తీసుకోవాలి. అన్నిటికన్నా ఘోరం, నింద తల్లి మీద వేయడం. 'ఎవరి పాపం?' అని శిష్యులు అడిగితే, గుడ్డివాడిదీ కాదు, అతని కన్నవారిదీ కాదన్నాడు యేసు (యోహాను 9:3).

మరి మనం చేయవలసిందేమిటి? దావీదును చూడండి. లోదెబారులో మరుగునపడిన మెఫీబోషెతును వెదికి పిలిపించాడు. తాత సౌలు భూములన్నీ తిరిగి ఇప్పించాడు, అది న్యాయం. తన బల్ల దగ్గర నిత్యం భోజనానికి కూర్చోబెట్టుకున్నాడు, అది ప్రేమ. ఒకటిచ్చి రెండోది ఎగ్గొట్టలేదు. అతని కాళ్లు బాగుపడలేదు, అయినా రాజు బల్ల దగ్గర చోటు మాత్రం తప్పలేదు.

మన మందిరం మెట్ల దగ్గర చక్రాల కుర్చీ ఆగిపోతోందా? ఆరాధనలో ఆ బిడ్డ అరిస్తే వెనక్కి తిరిగి చూస్తున్నామా? ఆ తల్లి ఎన్ని ఆదివారాలుగా రావడం లేదో ఎవరైనా లెక్కపెట్టారా? ఈవారం వారింటికి వెళ్దాం. ఒక గంట బిడ్డను మనం చూసుకుంటే ఆ తల్లి కాస్త నిద్రపోతుంది. రాజు బల్ల దగ్గర ఆ బిడ్డకు చోటు ఎప్పుడో సిద్ధమైంది. జరిగి కూర్చోవలసింది మనమే!